కంప్యూటరుకు కనిపించని రిజిస్టరు

మా తాత మత్తయి మొహం తిన్నగా చూసినవాళ్ళు రేపల్లెలో తక్కువ. నలభై ఏళ్ళకు పైగా ఆయన ప్రెస్సులో తల వంచుకునే బతికాడు. కంపోజిటరు. సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి, ఎడమ చేతిలోని ఇనుప పట్టెలో పేర్చడం ఆయన పని. కాగితం మీద అక్షరం సవ్యంగా పడాలంటే సీసంలో అది తిరగబడి ఉండాలి. దాంతో తాతకు లోకాన్ని తిరగేసి చదవడం అలవాటైపోయింది. ఎదురుగా కూర్చున్నవాళ్ళ చేతిలోని ఉత్తరాన్ని అవతలి వైపు నుంచే గడగడా చదివేసేవాడు. అందుకే బంధువులు మా ఇంటికి వస్తే ఉత్తరాలు జేబులోంచి తీసేవారు కాదు.

నేను పదో తరగతి రెండుసార్లు తప్పినదాన్ని. నాకు తిన్నగా ఉన్నది చదవడమే కష్టం.

"ఒసేయ్ రాహేలూ, పరీక్షలో కాగితం తిరగేసి ఇమ్మని అడక్కపోయావా? మన ఇంటి రక్తం కదా, పాసయ్యేదానివి" అనేవాడు తాత.

పిట్టలవానిపాలెం దగ్గర పుట్టి, పద్నాలుగో ఏట రేపల్లె వచ్చి ప్రెస్సులో చేరాడు. పెళ్ళి శుభలేఖలు, ఎన్నికల కరపత్రాలు, ధాన్యం మిల్లుల బిల్లు పుస్తకాలు, క్రిస్మస్ కార్యక్రమాల కాగితాలు, అన్నీ ఆయన వేళ్ళ మీదుగా వెళ్ళినవే. ఆయనకు ఒక పట్టుదల ఉండేది. రాసిచ్చిన కాగితంలో ఉన్నదాన్ని మార్చడు. పెళ్ళికొడుకు పేరు తండ్రే తప్పు రాసిచ్చినా, "అయ్యా, ఇది ఇలాగే ఉండాలా?" అని అడిగి వస్తాడే తప్ప సొంతంగా దిద్దడు. "మనం పేర్చేవాళ్ళం. రాసేవాళ్ళం కాదు" అనేవాడు.

1995లో ప్రెస్సు యజమాని లక్ష్మీనారాయణ గారు సీసమంతా తూకానికి అమ్మేసి కంప్యూటరు కొన్నారు. తాత మూడు రోజులు సరిగా అన్నం తినలేదు. నాలుగో రోజు వెళ్ళి దాని ముందు కూర్చున్నాడు. యాభై ఆరేళ్ళ వయసులో, రెండు చూపుడు వేళ్ళతో, నాలుగు నెలల్లో తెలుగు కొట్టడం నేర్చేశాడు. నేర్పిన కుర్రాడు ఆశ్చర్యపోయాడట. నేనైతే ఆశ్చర్యపోలేదు. మా తాతకు కొత్త పని నేర్చుకోవడం ఎప్పుడూ కష్టం కాదు. పాత పని మరిచిపోవడమే కష్టం. ఆ సంగతి 1997లో తెనాలిలో మా అందరికీ తెలిసొచ్చింది.

దానికి ముందు జ్ఞానమ్మ టీచరమ్మ గారి గురించి చెప్పాలి. ఆవిడ మా చర్చి సంఘం బడిలో పాఠాలు చెప్పి, రిటైరై, బాపట్లలో మేనకోడలి దగ్గర ఉండేది. డెబ్బై ఏళ్ళు. మా గుడిలో పుట్టిన తేదీలు, బాప్తిస్మం తేదీలు రాసిన పెద్ద రిజిస్టరు ఒకటి ఉండేది. 1977 ఉప్పెనలో గుళ్ళోకి నీళ్ళు వచ్చి అది ముద్దయిపోయింది. పిండి ముద్దలా ఉన్న దాన్ని టీచరమ్మ గారే చేతులతో ఎత్తి బయట పోసిందట. ఆ తర్వాత ఆవిడ పద్దెనిమిదేళ్ళు ఇంటింటికీ తిరిగింది. "నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మ ఎవరి పొలంలో నాట్లకు వెళ్ళింది? అప్పుడు సంఘానికి పాస్టరు అయ్యగారు ఎవరు? అది కాలవ తెగిన ఏడా, తర్వాతి ఏడా?" అని అడిగి, ఒకరి మాటను ఇంకొకరి మాటతో సరిచూసి, ఆరువందల నలభై మందికి పుట్టిన తేదీలు మళ్ళీ కట్టింది. ఉద్యోగానికైనా పింఛనుకైనా వయసు రుజువు కావాలంటే మా వాళ్ళకు ఇంకో కాగితం లేదు. దాన్ని అచ్చు వేయించి, అయ్యగారి చేత సంతకం పెట్టించి, ఇంటికొక పుస్తకం ఇవ్వాలని సంఘం తీర్మానం చేసింది. పేర్చే పని తాతకు వచ్చింది.

టీచరమ్మ గారు నోటు పుస్తకాలు ఒక చిత్రమైన పద్ధతిలో ఇచ్చేది. ప్రతి పేజీలో కుడి అంచును మడిచి దారంతో కుట్టేసేది. ఎవరి వయసు ఎవరు చెప్పారో ఆ అంచులో ఉంటుంది. "అది నీక్కూడా వద్దు మత్తయీ" అంది. తాత ఒక్క కుట్టు కూడా విప్పలేదు. నేను ఒకటి విప్పబోతే చేతి మీద కొట్టాడు.

ఇంటింటి వాళ్ళ ఫోటోలు కూడా వేయడంతో పుస్తకం బాగా బరువెక్కింది. ఫ్లాపీల్లో పట్టలేదు. లక్ష్మీనారాయణ గారు విజయవాడ నుంచి విడిగా ఉండే హార్డ్ డిస్కు ఒకటి తెప్పించారు. బైబిలంత లావు పెట్టె. దానికి ఒక కరెంటు వైరు, కంప్యూటరు వెనక ప్రింటరు తగిలించే చోట పెట్టుకునే కేబులు ఒకటి. పేజీలన్నీ అందులోకి ఎక్కించి తెనాలి తీసుకెళ్తే, అక్కడ రామకృష్ణ అనే కుర్రాడి దుకాణంలో పెద్ద ప్రింటరు మీద అచ్చుకు పనికొచ్చేలా తీసి ఇస్తాడు. టీచరమ్మ గారు బాపట్ల నుంచి రైల్లో నేరుగా అక్కడికే వచ్చి ఆఖరిసారి చూసుకుంటుంది. అదీ ఏర్పాటు.

అక్టోబరులో ఒక గురువారం పొద్దున్నే రేపల్లె పాసింజరు ఎక్కాం. తాత ఆ పెట్టెను కండువాలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. వేమూరులో వంకాయల గంపతో ఎక్కిన ఒకావిడ చాలాసేపు చూసి ఉండబట్టలేక అడిగింది.

"అందులో ఏంటి బాబాయ్, చంటిపిల్లాణ్ణి పట్టుకున్నట్టు పట్టుకున్నావ్?"

"ఆరువందల నలభై మందమ్మా" అన్నాడు తాత.

ఆవిడ గంప తీసుకుని అవతలి బల్ల మీదకు వెళ్ళిపోయింది.

దుకాణం తెనాలి స్టేషనుకు దగ్గరే. మేం వెళ్ళేసరికే టీచరమ్మ గారు గొడుగు ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది. రామకృష్ణ పెట్టెను తగిలించాడు. కంప్యూటరు తెర మీద వెతికాడు. మళ్ళీ వెతికాడు.

"ఏంటి బాబాయ్, ఇది కనిపించట్లేదు."

"ఎదురుగానే ఉంది కదయ్యా!"

"మనకు కనిపిస్తోందండి. దీనికి కనిపించట్లేదు. చూడండి, ఎ ఉంది, సి ఉంది, డి ఉంది. మీ పెట్టె తగిలిస్తే ఇ అని రావాలి. రాలేదు."

"ఇ కొరతగా ఉందా?" అన్నాడు తాత, పాత రోజుల్లో అక్షరాలు చాలనప్పుడు అడిగే గొంతుతో. నేను నవ్వాను. అప్పటికింకా నవ్వొచ్చింది.

రామకృష్ణ మంచి పనివాడు. గాభరా పడలేదు. పెట్టె మీద పచ్చ లైటు వెలుగుతోందో లేదో చూశాడు. వెలుగుతోంది. చెవి ఆనించి విన్నాడు. లోపల సన్నగా తిరుగుతున్న చప్పుడు వస్తోంది. కేబులు ఊడదీసి గట్టిగా నొక్కి, రెండు పక్కలా స్క్రూలు బిగించాడు. పెట్టెను ముందు వేసి కంప్యూటరును తర్వాత వేశాడు. పెట్టెతో వచ్చిన ఫ్లాపీని పెట్టి అందులోని ప్రోగ్రామును మళ్ళీ ఎక్కించాడు. ఇ రాలేదు. ఆ పోర్టుకే తన ప్రింటరు తగిలించి ఒక కాగితం తీశాడు. చక్కగా వచ్చింది.

"అంటే పోర్టు బాగానే ఉందండి. పక్క గదిలో ఇంకో కంప్యూటరుంది, అక్కడ చూద్దాం."

అక్కడా అంతే. ఎ, సి, డి. ఆ తర్వాత ఏమీ లేదు.

"రెండు కంప్యూటర్లూ చూడట్లేదంటే తప్పు వాటిది కాదు" అన్నాడు రామకృష్ణ. "పెట్టెదైనా అయ్యుండాలి, కేబులుదైనా అయ్యుండాలి. పెట్టెదైతే మద్రాసు పంపాలి. వాళ్ళు బాగుచేసినా లోపలున్నది ఉంటుందని చెప్పలేం. అయినా మీకెందుకు బాబాయ్ కంగారు, రేపల్లె కంప్యూటర్లో ఉంటుందిగా. రేపు వెళ్ళి దాన్నే మోసుకొద్దాం."

తాత కండువాతో మెడ తుడుచుకున్నాడు.

"ఉంటుందిగా బాబాయ్?"

"విప్పేశాను."

"ఏం విప్పారు?"

తాత చెప్పింది విని రామకృష్ణ కుర్చీలో వెనక్కి పడిపోయాడు. ప్రెస్సులో ఎన్ని సీసపు అక్షరాలుంటాయో అన్నే ఉంటాయి. ఒక పని అచ్చయ్యాక పేజీని విప్పి, ఏ అక్షరాన్ని ఆ గడిలో వేసేయాలి. లేకపోతే రేపటి పనికి అక్షరాలు చాలవు. పేర్చిన పేజీని అలాగే ఉంచుకునేవాడు బద్ధకస్తుడు. తాత నలభై ఏళ్ళు బద్ధకించలేదు. కంప్యూటరు వచ్చాక కూడా బద్ధకించలేదు. పేజీలన్నీ పెట్టెలోకి ఎక్కించగానే రేపల్లె కంప్యూటర్లో రిజిస్టరునంతా చెరిపేశాడు.

"పైగా అందులో చెత్తబుట్ట ఒకటుంటుంది కదయ్యా, అది కూడా ఖాళీ చేశాను" అన్నాడు. "శుభ్రంగా."

"తాతా! కంప్యూటర్లో అక్షరాలు అయిపోవు!" అని అరిచాను.

"అలాగని నాకెవరు చెప్పారే?" అన్నాడు తాత. నాకు నవ్వు అక్కడితో ఆగిపోయింది.

రామకృష్ణ టీచరమ్మ గారి వైపు తిరిగాడు. "పోన్లెండి మామ్మగారూ. మీ నోటు పుస్తకాలున్నాయిగా. ఆలస్యమైతే అయింది, మళ్ళీ కొట్టుకుందాం."

టీచరమ్మ గారు గొడుగు పిడి మీద రెండు చేతులూ పెట్టుకుని అతణ్ణి చూసింది.

"నీళ్ళ పొయ్యిలో పెట్టాను నాయనా."

"ఏంటండీ?"

"వెలిగించేశాను. నేను చూసి సంతకం పెట్టిన ప్రూఫులతో సహా. ఎవరి వయసు ఎవరు చెప్పారో, ఏ పిల్లాడు ఏ పెళ్ళికి ముందు పుట్టాడో, అన్నీ ఆ అంచుల్లో ఉన్నాయి. పుస్తకం తయారవగానే కాల్చేస్తానని ప్రతి ఇంట్లోనూ ప్రమాణం చేశాను. మొన్న మంగళవారం కాల్చాను."

మా వాళ్ళ వయసులు ఒకసారి నీళ్ళలో పోయాయి. ఇప్పుడు, ఎవరూ దొంగిలించకుండా, ఎవరికీ చెడు ఉద్దేశం లేకుండా, ఇద్దరు నిక్కచ్చి మనుషులు చెరో వైపు నుంచి శుభ్రం చేసి పారేశారు. మిగిలింది బల్ల మీద పచ్చ లైటు వేసుకుని మూగగా కూర్చున్న ఆ పెట్టె.

తాత ముక్కాలిపీట మీద కూలబడ్డాడు. "టీచరమ్మగారూ, నన్ను సంఘంలోంచి వెలేయించండి" అన్నాడు.

"తర్వాత చూద్దాం" అంది ఆవిడ. "ముందు తెల్ల కాగితాలు తీసుకో. పెన్సిల్ ఉందా?"

"ఎందుకండీ?"

"రాయి. ఒకటో నంబరు. ఆశీర్వాదం, తండ్రి దావీదు. పుట్టింది పంతొమ్మిది వందల ముప్పై నాలుగు, జూలై నెల..."

రామకృష్ణ నోరు తెరిచి చూశాడు. ఆవిడ కళ్ళు మూసుకుని, చిన్నపిల్లలకు ఎక్కాలు చెప్పినట్టు, ఒక ఇంటి తర్వాత ఒక ఇల్లు చెప్పుకుంటూ పోతోంది. ఒక్కో ఇంటి దగ్గర ఆగి, "వీళ్ళ చూరు తగులుతుంది, వంగాలి" అనుకుని మళ్ళీ మొదలుపెట్టేది. ఆవిడ పుస్తకం చదవడం లేదు. మా పేటలో నడుస్తోంది. తాత పెన్సిల్ ఆగకుండా పరుగెత్తింది. ముప్పై ఏడో నంబరు దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగింది. "రాశావా?" అంది ఆవిడ. "రాశానండి" అన్నాడు తాత. అలసిపోయాడనుకున్నాను.

యాభై ఎనిమిది దాకా వెళ్ళారు. ఈలోపు రామకృష్ణ కేబులు తీసుకుని వెలుతురు కోసం గుమ్మంలో నిలబడ్డాడు. కంప్యూటరుకు తగిలించే కొసలో రెండు వరసలుగా ఇరవై అయిదు సన్నటి పిన్నులుంటాయి. అగ్గిపుల్లతో లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు.

"ఇరవై నాలుగే ఉన్నాయి! కింది వరసలో మూడోది లోపలికి దిగిపోయింది. ఎవరైనా తొక్కారా దీన్ని?"

"ఎవరు తొక్కుతారయ్యా? నేనే సమం చేస్తిని కదా" అన్నాడు తాత.

"ఏం చేశారూ?"

"పొద్దున సర్దుతూ చూశాను. మూడోది మిగతావాటి కంటే వెంట్రుకవాసి ఎత్తుగా ఉంది. ఎత్తుగా ఉన్న అక్షరం కాగితాన్ని చించేస్తుందా లేదా? అందుకని చెక్క పెట్టి సుత్తితో రెండు దెబ్బలు వేశాను. మెల్లిగానే."

"సుత్తితోనా!" రామకృష్ణ గుమ్మం పట్టుకున్నాడు. "బాబాయ్, నా సర్వీసులో వైరు కొరికిన ఎలుకను చూశాను, కాఫీ పోసిన మేనేజరును చూశాను. పిన్నును సుత్తితో సమం చేసినాయన్ని ఇప్పుడే చూస్తున్నా!"

"చెక్క అడ్డం పెట్టానయ్యా" అన్నాడు తాత, అదొక్కటే తన వైపు సాక్ష్యమైనట్టు.

కానీ తప్పెక్కడుందో తెలిశాక తాత మనిషే మారిపోయాడు. లేచి వచ్చి, చొక్కా జేబులోంచి, అక్షరాలు పట్టి తీసే సన్నటి చిమటా తీశాడు. సీసం పోయి రెండేళ్ళయినా అది ఆయన జేబు వదల్లేదు. కరెంటు తీసేయించి, కేబులు కొసను వెలుతురుకు పట్టి, ఒక కన్ను మూసి, దిగిపోయిన పిన్నును చిమటాతో పట్టి లాగాడు. వచ్చింది. నొక్కితే మళ్ళీ వెనక్కి జారుతోంది. రామకృష్ణ కొసకున్న డొప్ప విప్పాడు. తాత పిన్ను వెనక దూర్చడానికి జేబులోంచి సన్నటి సీసపు రేకు తీశాడు.

"అమ్మో, సీసం వద్దు బాబాయ్! అన్నీ కలిసిపోయి కాలిపోతుంది!"

"అయితే కాగితం" అన్నాడు తాత. కాగితాన్ని చింపి, నాలుగు మడతలు పెట్టి, పిన్ను వెనక సందులో బిగించాడు. డొప్ప మూశారు. తగిలించారు. పెట్టె ముందు, కంప్యూటరు తర్వాత.

ఎ. సి. డి. ఇ.

నేను కేక వేశాను. రామకృష్ణ ముందు మొత్తాన్నీ తన కంప్యూటర్లోకి దింపేశాడు. "దీన్ని మాత్రం ఎవరూ విప్పకూడదు" అని తాత వైపు చూశాడు. తాత తల ఊపాడు. టీచరమ్మ గారు కళ్ళద్దాలు తీసి చీర కొంగుతో చాలాసేపు తుడిచింది.

"రాహేలూ, ఇలా రా" అంది చివరకు. "మీ తాత రాసిన కాగితాలు చూస్తూ ఉండు. ఈ అబ్బాయి తెర మీదిది చదువుతాడు. నా జ్ఞాపకం ఎంత నిలిచిందో చూద్దాం."

"వద్దులెండి టీచరమ్మగారూ, రైలు టైమైపోతుంది" అన్నాడు తాత.

"మధ్యాహ్నం రైలు పోతే సాయంత్రం రైలుంది. చదువు నాయనా."

రామకృష్ణ చదివాడు. నేను వేలు పెట్టి చూసుకుంటూ వచ్చాను. ఒకటి సరిపోయింది. పది సరిపోయింది. ముప్పై ఆరు సరిపోయింది.

"ముప్పై ఏడు. అచ్చమ్మ, తండ్రి యేసుదాసు. పుట్టిన సంవత్సరం పంతొమ్మిది వందల నలభై ఒకటి."

నా చేతి కింద, తాత దస్తూరీలో, పుట్టిన సంవత్సరం ముప్పై ఏడు అని ఉంది. అచ్చమ్మ అంటే మా నాయనమ్మ. తాత పుట్టింది ముప్పై తొమ్మిదిలో.

"ఇక్కడ వేరే ఉంది" అన్నాను.

"నాకు తప్పు గుర్తుండదు" అంది టీచరమ్మ గారు. "ప్రూఫులో ముప్పై ఏడనే ఉంది. నేను సంతకం పెట్టాను. ఆ తర్వాత ఎవరు మార్చారు?"

పెళ్ళికొడుకు పేరును కూడా దిద్దని మా తాత, నలభై ఏళ్ళలో ఒక్క పొల్లును కూడా సొంతంగా మార్చని మా తాత, నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

"నేనేనండి" అన్నాడు.

"అచ్చమ్మ అడిగిందా?"

"దానికి తెలియదండి. మీ పుస్తకంలో చూసేదాకా నాకూ తెలియదు, అది నాకంటే రెండేళ్ళు పెద్దదని. రేపు పుస్తకం ఇంటింటికీ వెళ్తుంది. గుళ్ళో ఆడవాళ్ళు దాన్ని చూసి నవ్వుతారని... నాలుగంకె కొట్టాను, ఒకటంకె కొట్టాను. అంతేనండి."

"మత్తయీ" అంది ఆవిడ నెమ్మదిగా, "నువ్వు ఒక్కటి మార్చావని తెలిస్తే మిగతా ఆరువందల ముప్పై తొమ్మిదీ ఎవరు నమ్ముతారు? ఒక ఆఫీసులో ఒక గుమాస్తా, ఇది ఇళ్ళల్లో దిద్దుకున్న రిజిస్టరు అంటే చాలు. ఉప్పెన అక్కర్లేదు."

"నాయనమ్మ వయసు ఎవరు చెప్పారండీ మీకు?" అని నేను అడిగాను.

"అది పొయ్యిలో పడింది" అంది టీచరమ్మ గారు.

తాత వెళ్ళి రామకృష్ణ కుర్చీలో కూర్చున్నాడు. రెండు చూపుడు వేళ్ళతో, ఎవరూ చెప్పకుండానే, ముప్పై ఏడు కొట్టాడు. తర్వాత ఆరువందల నలభై దాకా ఆవిడ ఎదురుగా అన్నీ చదివించాడు. ఇంకెక్కడా తేడా లేదు. ఆవిడ ఆఖరి పేజీ మీద సంతకం పెట్టి, గొడుగు తీసుకుని బాపట్ల రైలుకు వెళ్ళిపోయింది. వెలి మాట ఎత్తలేదు.

సాయంత్రం రైలుకు తిరిగొచ్చాం. ఇంటికి చేరాక నాయనమ్మ అన్నం పెట్టింది. నాలుగు ముద్దలు తిని, ఇక తట్టుకోలేక, తలెత్తకుండా చెప్పేశాడు. పిన్ను సంగతి, విప్పేసిన సంగతి, చివరకు అంకెల సంగతి.

నాయనమ్మ గరిటె పట్టుకుని విన్నది. నేను వంటింటి గుమ్మం దగ్గరే నిలబడ్డాను, ఏడుస్తుందేమో పట్టుకుందామని.

"టీచరమ్మ గారికి నా పుట్టిన సంవత్సరం నేనే చెప్పానయ్యా" అంది.

తాత చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "నువ్వా?"

"మా నాన్న పెళ్ళిలో నాలుగేళ్ళు తగ్గించి చెప్పాడు. గుళ్ళో సగం మందికి తెలుసు. మీ అమ్మకు కూడా తెలుసు."

"ముప్పై ఆరేళ్ళ నుంచి నాకెందుకు చెప్పలేదే?"

"ఆవిడ అడిగింది, చెప్పాను. నువ్వెప్పుడైనా అడిగావా?"

తాత చాలాసేపు ఆవిడ మొహం వైపు చూశాడు. తల వంచుకుని కాదు, తిన్నగా. తర్వాత కంచం కొంచెం ముందుకు జరిపి, చిన్న గొంతుతో అన్నాడు.

"కాస్త మజ్జిగ పొయ్యండి."